నార్నియాని పిల్లలకి తెలుగులోనే చదివి వినిపించండి

మీరు అడిగింది ఇదీ. విశాఖ మధురవాడలో ఉంటారు, బాబుకి తొమ్మిదేళ్ళు, పాపకి ఆరు. నార్నియా అనే మాయలోకం గురించి సి.ఎస్. లూయిస్ ఇంగ్లీషులో రాసిన ఏడు పుస్తకాల సెట్టు కొన్నారు. రోజూ రాత్రి చదివి వినిపిద్దామని మొదలుపెడితే రెండు పేజీలకే పాప లేచి వెళ్ళిపోతోంది. బాబేమో "అమ్మా, నేనే చదువుకుంటాలే" అని పుస్తకం తీసుకుని పక్కన పెట్టేశాడు. ఇంగ్లీషులోనే చదవాలా, తెలుగులో చెప్పాలా? సెట్టు మీద వేసిన నంబర్ల వరసలోనే వెళ్ళాలా? భయపెట్టే చోట్లు వదిలేయొచ్చా?

నేను గాజువాకలో ఉంటాను, స్టీల్ ప్లాంట్‌లో షిఫ్టు ఉద్యోగం. ఈ పుస్తకాలు ఒకసారి మా పిల్లలిద్దరికీ, ఒకసారి మా తమ్ముడి పిల్లలకీ, మూడోసారి మా అపార్ట్‌మెంట్ పిల్లలకి ఆదివారాలు మేడ మీదా చదివి వినిపించాను. మొదటిసారి 2013లో మొదలుపెట్టాను. అప్పటికి మా వాడికి ఎనిమిది, అమ్మాయికి అయిదు. నేను కూడా మీలాగే ఇంగ్లీషులోనే మొదలుపెట్టి, మీలాగే నాలుగో రోజుకి చతికిలబడ్డాను.

తెలుగులో చదవండి. ఇంగ్లీషు పుస్తకాన్నే చేతిలో పట్టుకుని, వాక్యం వాక్యం చూస్తూ నోటితో తెలుగులో చెప్పుకుంటూ వెళ్ళండి. మొదటి వారం నాలుక తడబడుతుంది, రెండో వారానికి గాడిలో పడుతుంది. మధ్యాహ్నం ఒకసారి ఆ అధ్యాయం మీరు చదువుకుని, ఇబ్బంది పెట్టే మాట దగ్గర పెన్సిల్‌తో తెలుగు మాట రాసుకుంటే చాలు. పిల్లల ఇంగ్లీషు ఏమవుతుందో అని టెన్షన్ పడకండి. స్కూల్లో రోజంతా వాళ్ళు వినేది ఇంగ్లీషే. కథలో భయం, ఆకలి, అన్నాచెల్లెళ్ళ పోట్లాట పిల్లలకి తగలాలంటే అది ఇంట్లో తిట్టుకునే భాషలో, బతిమాలుకునే భాషలో రావాలి.

ఒక ఉదాహరణ చెబుతాను. మొదటి పుస్తకం 'ద లయన్, ద విచ్ అండ్ ద వార్డ్‌రోబ్'లో లూసీ అనే చిన్న పిల్ల ఖాళీ గదిలో ఉన్న వార్డ్‌రోబ్‌లోకి దూరుతుంది. నేను "బీరువా" అన్నాను. మా వాడు వెంటనే ఆపాడు. "బీరువాలో అరలుంటాయి కదా నాన్నా, ఎలా దూరుతుంది?" వాడికి తెలిసిన బీరువా మా ఇంట్లో ఉన్న ఇనప బీరువా. సరే, ఇది నిలువెత్తు చెక్క బీరువా, అరలు ఉండవు, లోపల కడ్డీకి వరసగా కోట్లు వేలాడుతుంటాయి అన్నాను. అమ్మాయి కళ్ళు పెద్దవి చేసి "కోట్లా? ఎన్ని కోట్లు?" అంది. డబ్బు అనుకుంది! ఆ రాత్రి అక్కడే పది నిమిషాలు పోయింది, కానీ ఆ పది నిమిషాల్లోనే ఆ బీరువా మా ఇంటిది అయిపోయింది. తర్వాత ఆ కోట్ల మధ్య నుంచి లూసీ ముందుకి నడుస్తుంటే కాలి కింద ఏదో కరకరలాడుతుంది. పుస్తకంలో లూసీ అవి మాత్‌బాల్స్ అనుకుంటుంది. నేను "కలరా ఉండలేమో అనుకుంది" అన్నాను. ఆ వాసన మన పిల్లలందరికీ తెలుసు. పట్టుచీరల మడతల్లో ఉండే వాసన. కిందకి వంగి ముట్టుకుంటే అవి ఉండలు కావు, చల్లటి మంచు. ఆ క్షణంలో మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఇంగ్లీషులో చదివినన్నాళ్ళూ ఒక్కసారి కూడా పట్టుకోలేదు.

తెలుగులో చెప్పేటప్పుడు మీకు ఇంకో సంగతి ఎదురవుతుంది. ఇంగ్లీషులో అందరూ అందరినీ ఒకే మాటతో పిలుస్తారు. తెలుగులో నువ్వా, మీరా, ఒరేయా, ఏమేనా అని ప్రతి వాక్యంలోనూ మీరే తేల్చుకోవాలి. ఇది బరువు అనుకోకండి, కథ చెప్పేవాళ్ళకి దొరికిన వరం అది. ఎడ్మండ్ అనే కుర్రాడు మంచులో మంత్రగత్తెకి ఎదురుపడతాడు. ఆమె మొదట గద్దిస్తుంది. నేను "ఎవడ్రా నువ్వు?" అని చదివాను. మరుక్షణం ఆమె ఎత్తుగడ మారుస్తుంది. "అయ్యో బాబూ, చలికి వణికిపోతున్నావే! రా నాన్నా, ఇలా నా పక్కన కూర్చో." తర్వాత వాడు ఆమె కోటకి వెళ్ళాక మళ్ళీ "ఒరేయ్". ఆ ఒక్క పిలుపు మారగానే, కథలో ఏమవుతుందో తెలియకముందే, మా వాడు "వీడు మోసపోయాడు" అన్నాడు. పిల్లలు ఆస్లాన్ అనే సింహంతో మాట్లాడేటప్పుడు "మీరు" అనిపించండి, ఆస్లాన్ వాళ్ళని "నువ్వు" అనాలి. లూసీ తన అన్నని పీటర్ అని పిలిస్తే మా అమ్మాయి ఒప్పుకోలేదు, "పీటర్ అన్నయ్యా" అనాల్సిందే. అలాగే అన్నాను. ఏమీ చెడిపోలేదు.

పేర్లు మాత్రం మార్చకండి. లూసీని లక్ష్మి చేస్తే పిల్లలకి ఒక దేశం తగ్గిపోతుంది. వింత జీవులకి మన మాటలు దొరికిన చోట వాడుకోండి. మరుగుజ్జులు, మంత్రగత్తె, మేక కాళ్ళ మనిషి. సగం మనిషి, సగం గుర్రం అయిన సెంటార్‌ని నేను కిన్నరుడు అన్నాను. ఆస్లాన్ అంటే టర్కీ భాషలో సింహం అని చెబితే పిల్లలకి భలే నచ్చుతుంది.

ఇక మన ఊరు. ఈ కథలో నలుగురు పిల్లల్ని లండన్ నుంచి ఎక్కడో పల్లెలో ఉన్న ఒక ముసలి ప్రొఫెసర్ గారింటికి పంపేస్తారు, విమానాలు బాంబులు వేస్తున్నాయని. పుస్తకంలో దీనికి ఒక్క వాక్యమే ఉంటుంది. రాసిన సి.ఎస్. లూయిస్ ఇంటికే 1939లో అలా లండన్ పిల్లలు వచ్చి ఉన్నారు. "అమ్మానాన్నల్ని వదిలేసి పిల్లలు ఎందుకు వెళ్ళారు?" అని మీ పాప తప్పకుండా అడుగుతుంది. విశాఖలో ఉన్నవాళ్ళకి దీనికి జవాబు ఇంట్లోనే ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన పోర్టు మీద బాంబులు వేశాయి. ఊరు ఊరంతా ఖాళీ అయ్యింది. మా నాన్నమ్మకి అప్పుడు పదకొండేళ్ళు. వన్‌టౌన్‌లో ఉండేవాళ్ళు. రాత్రికి రాత్రి ఎడ్లబండి కట్టించుకుని విజయనగరం వైపు బంధువుల ఊరికి వెళ్ళిపోయారట. బండిలో తన చేతిలో ఉన్నది ఒక ఇత్తడి చెంబు ఒక్కటే అని ఎప్పుడూ చెప్పేది. ఆ సంగతి పిల్లలకి చెప్పి, ఆదివారం బీచ్ రోడ్డులో ఉన్న విశాఖ మ్యూజియంకి తీసుకెళ్ళాను. అప్పుడు పడి పేలని బాంబు ఒకటి అక్కడ పెట్టారు. మా వాడు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, "అయితే మీ నాన్నమ్మ కూడా లూసీయే" అన్నాడు. మీ ఇంట్లోనో బంధువుల్లోనో పెద్దవాళ్ళుంటే అడిగి చూడండి, ఏదో ఒక జ్ఞాపకం దొరుకుతుంది.

మంత్రగత్తె ఎడ్మండ్‌కి ఆశ పెట్టే మిఠాయి పేరు టర్కిష్ డిలైట్. పంచదార, పిండి, గులాబీ పన్నీరు వాసన కలిసిన మెత్తటి మిఠాయి. పేరు అలాగే ఉంచి, "మన మాడుగుల హల్వాలా నోట్లో కరిగిపోతుంది, ఒకటి తింటే ఇంకోటి అడగకుండా ఉండలేం" అన్నాను. అంతకన్నా వివరణ అక్కర్లేదు. మంచు సంగతి కొంచెం కష్టం. విశాఖ పిల్లలకి చలి అంటే డిసెంబరులో తెల్లవారుజామున లంబసింగి. అక్కడ గడ్డి మీద తెల్లగా పేరుకున్నది చూసి ఉంటే దాన్ని గుర్తు చేయండి, చాలు. ఆ మంత్రగత్తె వల్ల నార్నియాలో ఎప్పుడూ చలికాలమే, క్రిస్మస్ మాత్రం రాదు. క్రిస్మస్‌ని మార్చకండి, ఎందుకంటే క్రిస్మస్ తాత కథలోకి స్వయంగా వచ్చి పిల్లలకి కానుకలిస్తాడు. నేను చదవడం ఆపి ఒక్క మాట అడిగాను. "నెలగంట పెట్టి, రోజూ ముగ్గులేసి, వందేళ్ళు గడిచినా సంక్రాంతి రాకపోతే?" మా అమ్మాయి ముఖం చిన్నబోయింది. ఇక ఆ శాపం గురించి నేను విడమరచాల్సిన పని లేకపోయింది.

వరస గురించి. ఈ పుస్తకాలు 1950 నుంచి 1956 వరకు ఏడాదికి ఒకటి చొప్పున వచ్చాయి. బీరువా కథ మొదటిది. ఇప్పుడు దొరికే సెట్లలో 'మెజీషియన్స్ నెఫ్యూ' మీద 1 అని ఉంటుంది. అది 1955లో వచ్చింది, కథాకాలంలో మాత్రం అన్నిటికన్నా ముందు జరుగుతుంది. 1957లో ఒక అమెరికన్ కుర్రాడికి రాసిన ఉత్తరంలో లూయిస్ కథాకాలం వరసకే మొగ్గు చూపి, ఏ వరసలో చదివినా పెద్ద తేడా లేదేమో అని కూడా అన్నాడు. నా మాట వినండి, గట్టిగా చదివేటప్పుడు తేడా ఉంది. అడవి మధ్యలో, మంచులో, ఒంటరిగా ఒక వీధి దీపం వెలుగుతుంటుంది. అది అక్కడికి ఎలా వచ్చిందో ఎవరికీ తెలియదు. మా పిల్లలు దాని గురించి రెండేళ్ళు ఆలోచించారు. స్టీల్ ప్లాంట్ కట్టేటప్పుడు మిగిలిపోయిందని ఒకరు, మంత్రగత్తె పాతిందని ఒకరు. మెజీషియన్స్ నెఫ్యూలో దానికి జవాబుంది. జవాబు ముందు చదివేస్తే ఆ రెండేళ్ళ ఆలోచన పోతుంది. పుస్తకాలు అచ్చైన వరసలోనే వెళ్ళండి.

పాప లేచి వెళ్ళిపోవడం గురించి. ఆరేళ్ళ పిల్లని చేతులు కట్టుకుని కూర్చోమనకండి. చేతికి పని ఇవ్వండి. చిక్కుడుకాయలు ఒలవడం, రంగులు వేయడం, చెల్లాచెదురుగా ఉన్న గుండీలు రంగు ప్రకారం ఏరి పెట్టడం. చెవులు మీవైపే ఉంటాయి. మధ్యలో నిద్రపోతే మేలుకొలపకండి. పొద్దున్న స్కూల్ ఆటో ఎక్కేలోపు అన్నయ్యని చెప్పమనండి. మా వాడు పళ్ళు తోముకుంటూ చెల్లికి చెప్పేవాడు, ఉన్నదానికి రెండింతలు కలిపి. మీ బాబు "నేనే చదువుకుంటా" అన్నాడంటే వాడిని చిన్నపిల్లాడిలా కూర్చోబెట్టారని చిన్నతనంగా ఉండి ఉంటుంది. వాడికి ఒక పాత్ర అప్పగించండి. పీటర్ మాటలు వచ్చినప్పుడల్లా వాడు చెప్పాలి, మీరు ముందు చెవిలో అందిస్తారు.

నా షిఫ్టు వల్ల రోజూ ఒకే టైము కుదిరేది కాదు. పొద్దున్న ఉండే 'ఎ' షిఫ్టు వారం రాత్రి తొమ్మిదికి, రాత్రంతా ఉండే 'సి' షిఫ్టు వారం సాయంత్రం టిఫిన్ అయ్యాక. మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఉండే 'బి' షిఫ్టు వారం చదివేవాణ్ణి కాదు. వారం రోజులు ఆగితే మరచిపోతారనుకున్నాను. మరచిపోలేదు సరికదా, నేను గడపలో చెప్పులు విప్పుతుంటేనే ఎక్కడ ఆగామో చెప్పేవాళ్ళు. కాబట్టి ఒక రోజు తప్పిందని బాధపడకండి, కానీ ఆపే చోటు మాత్రం ముందే చూసుకోండి. మన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు చదివినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. 1954లో 'తోకచుక్క'తో మొదలై 'రాకాసిలోయ', 'శిథిలాలయం', 'యక్షపర్వతం' దాకా, ప్రతి నెలా ఎవడో ఒకడు కత్తి ఎత్తిన చోటో, కొండ అంచు మీద కాలు జారిన చోటో ఆగేది. పేరు కూడా అచ్చు కాకుండా ఆయన అవన్నీ రాశారు, చిత్ర గారు బొమ్మలు వేశారు. మీ పిల్లలకి అసలు వినే అలవాటే లేదనిపిస్తే నార్నియాకి ముందు అందులో ఒకటి చదవండి. చిన్న భాగాలు, చదవగానే పలికే తెలుగు. రెండు నెలల్లో కూర్చోవడం వచ్చేస్తుంది. నేను తమ్ముడి పిల్లలకి అలాగే చేశాను.

గొంతులు మార్చాలా అంటే, అందరికీ అక్కర్లేదు, ముగ్గురు నలుగురికి చాలు. 'సిల్వర్ చెయిర్'లో పడిల్‌గ్లమ్ అని ఒకడుంటాడు. ఏ పని మొదలుపెట్టినా చెడిపోతుందనే అంటాడు, కానీ మనసు వెన్న, అవసరం వచ్చినప్పుడు అందరికన్నా ధైర్యం చూపిస్తాడు. వాడికి నేను మా శ్రీకాకుళం మేనమామ గొంతు ఇచ్చాను. "ఏటౌద్దో ఏటో బాబూ, నానైతే రాత్రికి వాన అనుకుంతన్నాను." పిల్లలు ఆ గొంతు కోసమే ఆ పుస్తకం రెండోసారి అడిగారు. రీపీచీప్ అనే ఎలుక కత్తి దూసి ఎవరితోనైనా తలపడుతుంది. దానిది బొబ్బిలి పౌరుషం అని చెప్పండి.

మూడో పుస్తకం, 'వాయేజ్ ఆఫ్ ద డాన్ ట్రెడర్', ఓడ ప్రయాణం. సముద్రం చూస్తూ పెరిగే మన పిల్లలకి అన్నిటికన్నా దగ్గరయ్యేది ఇదే. మేము దాని మధ్యలో ఉండగా 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది. మా వీధిలో అయిదారు రోజులు కరెంటు లేదు, ఫోన్లు లేవు. కిటికీ అద్దం ఒకటి పగిలి, దానికి అట్టముక్క అడ్డం పెట్టాం. సాయంత్రం ఆరింటికే చీకటి. కొవ్వొత్తి స్టీలు గ్లాసు బోర్లించి దాని మీద నిలబెట్టి చదివాను. ఆ పుస్తకంలో యూస్టెస్ అనే పెంకి కుర్రాడి డైరీ ఉంటుంది, ఓడ రోజుల తరబడి తుఫానులో చిక్కుకుంటుంది. ఆ పేజీలు వదిలేద్దామనుకున్నాను. పిల్లలే పట్టుబట్టారు. ఓడ తెరచాప కొయ్య విరిగిపోయిన చోట అమ్మాయి "మన ఎదురింటి వేపచెట్టులాగా" అంది. అయిపోగానే మళ్ళీ చదవమంది. తర్వాత ఆ కుర్రాడు డ్రాగన్‌గా మారిపోయి, పాము కుబుసం విడిచినట్టు ఆ చర్మం నుంచి బయటపడే ఘట్టం దాకా ఆ కొవ్వొత్తి వెలుగులోనే వెళ్ళాం.

అందుకే భయపెట్టే చోట్లు వదిలేయకండి అంటున్నాను. కానీ ఎలా చదవాలో చూసుకోండి. మొదటి పుస్తకం పద్నాలుగో అధ్యాయం చివర ఆస్లాన్‌ని రాతిబల్ల మీద కట్టేసి చంపేస్తారు. పదిహేనో అధ్యాయంలో లేచి వస్తాడు. నేను తెలియక పద్నాలుగు దగ్గర ఆపి, మర్నాటి నుంచి బి షిఫ్టుకి వెళ్ళిపోయాను. వారం రోజులు! అమ్మాయి రెండు రాత్రులు ఏడ్చిందని, సింహం బొమ్మ గీసి దాని మీద దుప్పటి గీసిందని మా ఆవిడ చెప్పింది. ఇప్పటికీ ఆ సంగతి తలచుకుంటే నాకు బాధగానే ఉంటుంది. ఆ రెండు అధ్యాయాలూ ఒక ఆదివారం కలిపి చదవండి. పగలు చదవండి. ఎలుకలు వచ్చి ఆస్లాన్ కట్లు కొరికేసే చోట నెమ్మదిగా చదవండి.

ఇది ఏసుక్రీస్తు కథ పోలికలో ఉందని పెద్దవాళ్ళు కొందరు అడుగుతారు. నిజమే, లూయిస్ గట్టి క్రైస్తవ విశ్వాసి, ఆ పోలిక కావాలనే పెట్టాడు. మా మేడ మీద వినే పిల్లల్లో ఒకమ్మాయి "ఇది మా ఈస్టర్ లాగా ఉంది" అని వెంటనే పట్టేసింది. పక్కనే ఉన్న కుర్రాడు "మా అప్పన్నస్వామి కూడా సింహమే" అన్నాడు. సింహాచలం కొండ కింద పెరిగే పిల్లలకి దేవుడు సింహంలా ఉండటం వింత కాదు. ఇద్దరూ ఆస్లాన్‌ని తమవాడే అనుకున్నారు. నేను ఏమీ అనలేదు, చదువుతూ పోయాను.

అయిదో పుస్తకం దగ్గర మాత్రం మీరు ముందే సిద్ధపడాలి. 'హార్స్ అండ్ హిజ్ బాయ్'లో కాలోర్మెన్ అనే దేశం వాళ్ళు నల్లగా ఉంటారు, తలపాగాలు చుడతారు, ఎక్కువమంది క్రూరులు. మా వాడు, అప్పటికి పదేళ్ళు, "నాన్నా, వాళ్ళు మనలా ఉన్నారు కదా, చెడ్డవాళ్ళుగా ఎందుకు పెట్టారు?" అని అడిగాడు. పుస్తకం మూసి నిజం చెప్పాను. రాసినాయన మంచి కథకుడే, కానీ ఆ కాలంలో చాలామంది ఇంగ్లీషువాళ్ళు తూర్పు దేశాలవాళ్ళ గురించి ఇలాగే ఊహించుకునేవాళ్ళు, ఇది తప్పు అని. మాటలు మార్చి చదివితే పెద్దయ్యాక వాడే చదువుకుని, నాన్న దాచాడని అనుకుంటాడు. ఆ దేశపు అమ్మాయి ఆరావిస్ అందులో అందరికన్నా గుండె ఉన్న మనిషి, ఆ సంగతి వాడే కనిపెట్టి నాకు చెప్పాడు. మీ బాబుకి తొమ్మిదేళ్ళు కాబట్టి ఈ పుస్తకం వచ్చేసరికి ఆ ప్రశ్న అడిగే వయసుకి వస్తాడు.

ఏడోది, 'లాస్ట్ బ్యాటిల్', నేను ఎవరికీ గట్టిగా చదవలేదు. అందులో ఆ లోకం అంతమైపోతుంది. ఈ లోకంలో ఆ పిల్లలు రైలు ప్రమాదంలో చనిపోయారని చివర్లో తెలుస్తుంది. లూసీ అక్క సూసన్ మాత్రం వాళ్ళతో ఉండదు. నాకది న్యాయంగా అనిపించదు, ఆరేళ్ళ పిల్లకి రాత్రిపూట చెప్పే కథా కాదు. అలమరలో పై అరలో పెట్టాను. మా అమ్మాయి పన్నెండేళ్ళప్పుడు తనే తీసుకుని రెండు రోజుల్లో చదివేసి, వచ్చి నా పక్కన కూర్చుంది. "సూసన్ ఒక్కతీ ఏం చేస్తుంది నాన్నా?" అంది. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఇద్దరం సూసన్ గురించే మాట్లాడుకున్నాం, దోమలు కుడుతున్నా లోపలికి వెళ్ళకుండా.

మీరు ఈ శనివారం మొదలుపెట్టండి. మొదటి అధ్యాయం లూసీకి మేక కాళ్ళ మనిషి ఎదురుపడి, చేతిలో పొట్లాలు జారవిడిచేసిన చోట ఆగుతుంది. అక్కడే ఆపేయండి. ఇంకొంచెం అని అడిగినా రెండోది ఆదివారానికే.